ట్యాంకులో ఏం వెయ్యాలి అని అడిగే ముందు

పోయిన నెలలో ఒక రాత్రి ఒంటిగంట దాటాక, ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో సముద్రపు చేపలు పెంచే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ట్యాంకులో ఏం వెయ్యాలి?" గొంతు వణుకుతోంది. ఏమైందని అడిగితే ఒక్కొక్కటే చెప్పాడు. పదిన్నరకి కరెంటు పోయింది. నీళ్ళు చల్లబడతాయేమోనని ట్యాంకు చుట్టూ దుప్పటి చుట్టాడు, పైన కూడా కప్పాడు. చేపలు బెదిరినట్టు కనిపిస్తే కాస్త మేత వేశాడు. ఇప్పుడు ఒక చేతిలో బ్యాక్టీరియా సీసా, ఇంకో చేతిలో పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణాల కొలత) పెంచే పొడి పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ రెండూ కింద పెట్టు. పైన దుప్పటి తీసెయ్. ఒక మగ్గు తెచ్చుకో. ట్యాంకులో నీళ్ళే ముంచి, మూరెడు ఎత్తు నుంచి మళ్ళీ ట్యాంకులోనే పొయ్యి. పోస్తూనే ఉండు" అన్నాను. ఫోన్ స్పీకర్‌లో పెట్టి పోయడం మొదలుపెట్టాడు. నీళ్ళు పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఇరవై నిమిషాలు గడిచాక "అక్కా, పసుపు టాంగ్ కిందికి దిగింది" అన్నాడు. కరెంటు నాలుగింటికి వచ్చింది. ఒక రొయ్య తప్ప అన్నీ బతికాయి.

ఆ తర్వాత కూడా నన్ను వదలనిది వాడి ప్రశ్న. "ఏం వెయ్యాలి?" ఉప్పునీటి ట్యాంకు గురించి అర్ధరాత్రి నాకు వచ్చిన ఫోన్లన్నీ దాదాపు ఆ మాటతోనే మొదలయ్యాయి. ఒకప్పుడు నేనూ అదే అడిగాను. ఆ ప్రశ్న దగ్గరే మనం దారి తప్పుతున్నామని నా నమ్మకం. ఆపద వచ్చినప్పుడు ముందు గాలి అందాలి. తర్వాత చెడ్డదాన్ని బయటికి తీయాలి. కొత్తగా ఏదైనా కలపడం అన్నిటికన్నా చివరి పని, అదీ వేరే దారి లేనప్పుడే. ఈ మాట అనగానే "మరి ఫలానా జబ్బొస్తే?" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజం ఉంది, దానికి నేను మూల్యం కూడా చెల్లించాను. అందుకే తాపీగా రాస్తున్నాను.

ముందు ఊపిరి

25 డిగ్రీల దగ్గర మంచినీళ్ళలో లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది. అంతే వేడిలో సముద్రపు నీళ్ళలో 7 కూడా కరగదు. వేడి పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. అంటే మంచినీటి ట్యాంకుతో పోలిస్తే మన ట్యాంకు మామూలు రోజున కూడా తక్కువ నిల్వతోనే నడుస్తోంది. ఆ కాస్తనీ వాడుకునేది చేపలొక్కటే అనుకుంటాం. రాళ్ళ లోపల ఉండి చేపల వ్యర్థాల్ని శుభ్రం చేసే బ్యాక్టీరియాకి కూడా ఆక్సిజన్ కావాలి. పగడాలు పగలు తమ లోపలి నాచు వల్ల ఆక్సిజన్ ఇస్తాయి, చీకటి పడితే అవి కూడా పీల్చుకునేవాటిలో చేరతాయి. అందుకే మధ్యాహ్నం కరెంటు పోవడం వేరు, రాత్రి పోవడం వేరు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉండే సమయానికి మనం నిద్రలో ఉంటాం.

మా తమ్ముడు చలికి భయపడ్డాడు. రెండు వందల లీటర్ల నీళ్ళు ప్రమాదం అనిపించేంత చల్లబడాలంటే చాలా గంటలు పడుతుంది. చేపలు నిండుగా ఉన్న ట్యాంకులో నీళ్ళు కదలడం ఆగితే ఊపిరికి అంత వ్యవధి ఉండదు. చీకట్లో నీళ్ళలోకి ఆక్సిజన్ వచ్చేది పైన ఉన్న ఆ పలుచని మట్టం నుంచే. ఎయిర్ స్టోన్ (గాలిని బుడగలుగా వదిలే రాయి) బుడగలు కూడా చాలావరకు చేసేది ఆ మట్టాన్ని కదిలించే పనే. వాడు దుప్పటి కప్పి ఉన్న ఆ ఒక్క దారీ మూసేశాడు. మేత వేయడం వల్ల చేపలకి అరిగించుకునే పని పెరిగింది, తినకుండా మిగిలింది కుళ్ళడం మొదలైంది. ప్రేమతోనే చేశాడు. ఆరోగ్యంగా ఉన్న సముద్రపు చేప రెండు మూడు రోజులు తినకపోయినా ఏమీ కాదు, పది నిమిషాలు ఊపిరాడకపోతే చచ్చిపోతుంది.

ఒకసారి మా ఇంట్లో తొమ్మిది గంటలు కరెంటు లేదు. బ్యాటరీ ఎయిర్ పంపు ఉంది కదా అని ధీమాగా డ్రాయర్ తెరిచాను. లోపలి బ్యాటరీలు కారి, స్ప్రింగులు ఆకుపచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. ఆ రాత్రి నేనూ అమ్మా వంతులు వేసుకున్నాం. అమ్మ యాభై మగ్గులు లెక్కపెట్టి పోసి, ఐదు నిమిషాలు కూర్చుని, మళ్ళీ యాభై పోసేది. చేపల పేర్లు కూడా తెలియని మనిషి "ఆ నీలంది ఇంకా పైనే ఉంది, నువ్వు పడుకో, నేను చూస్తాలే" అని నన్ను పంపేసింది. నాకు తెలిసినంతలో ఉప్పునీటి ట్యాంకుకి అంతకన్నా మంచి అత్యవసర వైద్యం లేదు.

కరెంటు తిరిగి వచ్చాక ఒక ప్రమాదం పొంచి ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. క్యానిస్టర్ ఫిల్టరు గంటల తరబడి ఆగిపోతే, మూసుకున్న ఆ డబ్బా లోపలి ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. స్విచ్ వేయగానే ఆ కుళ్ళిన నీళ్ళన్నీ ట్యాంకులోకి దిగుతాయి. రాత్రంతా బతికించుకున్న చేపలు పొద్దున పోతాయి. ఆ నీళ్ళు పారబోసి, కడిగి, అప్పుడే ఆన్ చేయాలి.

నా చేతుల్లో పోయినవి

ఆరేళ్ళ కిందట ఒక సాయంత్రం టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, అంటే చేపల వ్యర్థాల్లోంచీ కుళ్ళేవాటిలోంచీ వచ్చే విషం, లీటరుకు 0.5 మిల్లీగ్రాములు చూపించింది. పీహెచ్ 7.8 ఉంది. రెండూ చూసి కాళ్ళు చల్లబడ్డాయి. రాళ్ళ వెనక ఒక పెద్ద నత్త చచ్చి కుళ్ళుతోంది, అది నాకు మర్నాడు గానీ తెలియలేదు. ఆ సాయంత్రం నేను చేసినవి రెండు. పీహెచ్ తక్కువైందని పొడి కలిపి 8.3కి తెచ్చాను. ఇంకా భయం తీరక, బకెట్లలో అప్పటికప్పుడు ఉప్పు కలిపి ట్యాంకులో మూడింట రెండు వంతుల నీళ్ళు మార్చేశాను.

నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి మొప్పల్లోంచి సులువుగా ఒంట్లోకి దూరి చంపేది, ఇంకొకటి అంత హాని చేయనిది. ఏది ఎంత అన్నది ఎక్కువగా పీహెచ్ మీద ఆధారపడుతుంది. 7.8 నుంచి 8.3కి పెంచితే చంపే రూపం దాదాపు మూడు రెట్లవుతుంది. అంటే ఆ తక్కువ పీహెచ్ నా చేపల్ని కాపాడుతోంది, నేను దాన్ని తీసేశాను. కొత్త చేపను సంచిలో తెచ్చినప్పుడు జరిగేది కూడా ఇదే. దారిపొడవునా చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ సంచిలో పీహెచ్‌ని తగ్గించి ఉంచుతుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, పోగైన అమ్మోనియా అక్కడికక్కడే విషమవుతుంది. ఆ సంచిలోకి గంటసేపు చుక్కలు చుక్కలుగా ట్యాంకు నీళ్ళు వదులుతూ "మెల్లగా అలవాటు చేస్తున్నాం" అనుకునేవాళ్ళని చూస్తే నాకు నా ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

రెండో తప్పు ఇంకా పెద్దది. అప్పుడే కలిపిన ఉప్పు పూర్తిగా కరగలేదు, నీళ్ళు నాలుగు డిగ్రీలు చల్లగా ఉన్నాయి. పొద్దునకి రెండు క్లౌన్ చేపలూ, ఒక ఫైర్‌ఫిష్, ఒక బ్లెన్నీ పోయాయి. అంతకుముందు సాయంత్రం అవన్నీ ఈదుతూ, మామూలుగా ఊపిరి తీసుకుంటూనే ఉన్నాయి. నేను చూసింది టెస్ట్ కిట్‌లో రంగుని, చేపల్ని కాదు.

ఆ రోజు చేయాల్సింది ఏమిటో ఇప్పుడు తెలుసు. మేత ఆపాలి, గాలి పెంచాలి, ఏది చచ్చిందో వెతికి తీయాలి, సిద్ధంగా ఉన్న ఉప్పునీళ్ళతో నాలుగో వంతు మార్చాలి, మర్నాడు మళ్ళీ నాలుగో వంతు. సిద్ధంగా ఉన్న నీళ్ళు అన్న మాట దగ్గరే అందరం ఆగిపోతాం, ఎందుకంటే అవి ఉండవు. అప్పటి నుంచి మా ఇంట్లో మూత ఉన్న డ్రమ్ములో ట్యాంకు నీళ్ళలో నాలుగో వంతుకు సరిపడా ఉప్పునీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. ఒక చిన్న పంపు, ఒక హీటరు పక్కనే. వాడినా వాడకపోయినా నెలకోసారి ఆ నీళ్ళతోనే మామూలు మార్పిడి చేసి మళ్ళీ నింపుతాను. నా దగ్గర ఉన్న సామానంతటిలో నేను చివరిదాకా వదులుకోనిది ఆ డ్రమ్ము.

అమ్మోనియాని కట్టేసే మందులు పనిచేయవా అని అడిగితే, చేస్తాయి. ఒక సీసా నా అలమరలోనూ ఉంది. చేపలు నిజంగా అవస్థ పడుతుంటే, నీళ్ళు సిద్ధంగా లేకపోతే, వాడతాను. "ఏమీ కలపొద్దు" అని నేను గిరిగీసి కూర్చోను. ఒక చిక్కు మాత్రం చెప్పాలి. మందు కట్టేసిన అమ్మోనియాని కూడా కొన్ని టెస్ట్ కిట్లు అమ్మోనియాగానే చూపిస్తాయి. రంగు తగ్గలేదని మళ్ళీ వేస్తాం, ఇంకోసారి వేస్తాం. ఆ వలయంలో పడినవాళ్ళు నాకు తెలుసు.

ఉప్పు శాతం విషయంలోనూ ఇదే తొందర దెబ్బతీస్తుంది. ఆవిరైన నీళ్ళని నింపే సెన్సార్ ఇరుక్కుని రాత్రంతా మంచినీళ్ళు పోసేస్తే, 1.025 ఉండాల్సిన సాపేక్ష సాంద్రత (నీళ్ళలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) పొద్దునకి 1.018కి దిగుతుంది. చేతిలో ఉప్పు డబ్బా ఉంటుంది కాబట్టి గుప్పెడు తీసి వేసేయాలనిపిస్తుంది. కరగని ఉప్పు పగడం మీద పడితే అక్కడ కాలినట్టవుతుంది. ఉప్పు తగ్గడాన్ని ఓర్చుకున్నంతగా పెరగడాన్ని చేపలు ఓర్చుకోలేవు. నత్తలకీ, రొయ్యలకీ, పగడాలకీ రెండూ కష్టమే. చిక్కటి నీళ్ళు వేరే బకెట్లో కలుపుకుని రెండు మూడు రోజుల మీద పైకి తేవడం తప్ప అడ్డదారి లేదు.

హీటరు ఆగకుండా వేడెక్కినప్పుడు ఐస్ ముక్కలు వేసేవాళ్ళదీ అదే తొందర. హీటరు ప్లగ్గు తీసి, మూత తీసి, నీళ్ళ మీదికి ఫ్యాను పెడితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. చాలకపోతే, గడ్డకట్టిన నీళ్ళ సీసాని మూత విప్పకుండా తేలేయొచ్చు.

నిదానం చంపిన రోజు

ఇక నా మాటకి ఎదురు నిలబడే అనుభవం. చేపలు పోయిన ఆ సంఘటన తర్వాత నేను రెండో అంచుకి వెళ్ళిపోయాను. ఏది జరిగినా "నిదానమే ప్రధానం" అనడం మొదలుపెట్టాను. రెండేళ్ళ తర్వాత కొత్తగా తెచ్చిన సీతాకోక చేప ఒకటి వేగంగా ఊపిరి తీసుకుంటూ, పంపు నీళ్ళు తోసే చోటికి ఎదురుగా నిలబడడం చూశాను. వెలుతురు పడితే రాయి వెనక్కి పోయేది. ఒంటి మీద మచ్చలేమీ స్పష్టంగా లేవు. కొత్త చోటు కదా, సర్దుకుంటుంది అనుకున్నాను. రెండో రోజుకి మిగతా చేపలూ అలాగే చేశాయి. మూడో రోజు సాయంత్రానికి ట్యాంకులో చేప అన్నది లేదు.

అది వెల్వెట్. అమైలూడినియం అనే పరాన్నజీవి మొప్పల్లో చేరి ఊపిరాడకుండా చేస్తుంది. మచ్చలు కనిపించేలోపే పని పూర్తి చేయగలదు. అక్కడ నా నిదానం దేనికీ పనికిరాలేదు. మన పెద్దవాళ్ళే "ఆలస్యం అమృతం విషం" అని కూడా అన్నారు. ఏ సామెత ఏ రోజుకి అన్నది తేల్చుకోలేకపోవడమే నా తప్పు.

తేల్చుకోవడానికి నేనిప్పుడు చూసేది మొప్పల్ని. టెస్ట్ కిట్ తర్వాతి మాట. చేప మామూలుగా ఊపిరి తీసుకుంటుంటే, రంగు ఎలా ఉన్నా, అంకె ఎంత ఉన్నా, నాకు ఆలోచించుకునే సమయం ఉంది. మొప్పలు వేగంగా కొట్టుకుంటుంటే సమయం లేదు. అన్ని చేపలూ ఒకేసారి అలా చేస్తుంటే నీళ్ళని అనుమానిస్తాను, గాలి పెంచుతాను. ఒకదానితో మొదలై ఒక్కొక్కటిగా పాకుతుంటే జబ్బుని అనుమానిస్తాను, అదే రోజు చేపల్ని బయటికి తీస్తాను.

మందు కావాల్సి వచ్చినా అది పెద్ద ట్యాంకులో పడకూడదు అన్నదాంట్లో మాత్రం నాకు సందేహం లేదు. వెల్వెట్‌కీ, తెల్లమచ్చల జబ్బుకీ వాడే రాగి మందు రొయ్యల్ని, నత్తల్ని, పగడాల్ని చంపుతుంది. రాళ్ళూ ఇసుకా ఆ రాగిని పీల్చుకుంటాయి. ఒక ప్లాస్టిక్ టబ్బు, ఒక హీటరు, ఎయిర్ స్టోను, దాక్కోడానికి రెండు పైపు ముక్కలు చాలు, చేపల ఆసుపత్రి సిద్ధం. అక్కడ మందు కొలిచి వేయొచ్చు, కిట్‌తో చూసుకోవచ్చు. చేపలు లేని పెద్ద ట్యాంకులో పరాన్నజీవి ఆకలితో చస్తుంది. తెల్లమచ్చల విషయంలో చాలామంది 76 రోజులు లెక్కపెడతారు. అన్ని రోజులు ఎవరాగుతారు అంటారు. మచ్చలు పోయాయి కదా, తగ్గిపోయింది అంటారు. మచ్చ రాలిపోవడం ఆ జీవి బతుకులో ఒక దశ. అది చేపని వదిలి కిందికి దిగి, గట్టి గూడు కట్టుకుని, లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. చేప శుభ్రంగా కనిపించిన ఆ వారమే ఇసుకలో అసలు ఉపద్రవం తయారవుతుంటుంది.

మనిషి ప్రాణం

చేపల కంగారులో మన సంగతి మర్చిపోతాం. పగిలిన హీటరు నీళ్ళలో ఉండగానే వట్టి చేయి పెట్టేసినవాళ్ళున్నారు. ఉప్పునీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో వాళ్ళకి తెలియక కాదు, ఆ క్షణంలో గుర్తుకు రాక. చేయి పెట్టే ముందు ప్లగ్గులు తీయాలి. ప్రతి వైరూ ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కేలా ఉండాలి, అప్పుడు కారిన నీళ్ళు సాకెట్లోకి పోకుండా కింద పడతాయి. లీకేజీ వస్తే కరెంటు కట్ చేసే బ్రేకర్ ఉండాల్సిందే.

ఇంకొకటి, ఇది నిజంగా భయపడాల్సింది. రాళ్ళ మీద గుండీల్లా పాకే జోవాంథిడ్ పగడాలు కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దాన్ని వేరుచేశారు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి, విరుగుడు లేదు. ఆ పగడాలు ట్యాంకంతా పాకిపోతున్నాయని విసుగెత్తి, రాయిని బయటికి తీసి మరిగే నీళ్ళలో వేసినవాళ్ళున్నారు. ఆవిరితో పాటు విషం గాల్లోకి లేచి ఇంట్లోవాళ్ళంతా దగ్గు, జ్వరం, ఆయాసంతో ఆసుపత్రి పాలైన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. రాయిని ఉడికించొద్దు, ఎండిన పగడాన్ని గీకొద్దు, చేతికి గాయం ఉంటే తాకొద్దు. గ్లవ్స్, కళ్ళద్దాలు వేసుకుని నీళ్ళ లోపలే తీయాలి. ఊపిరి ఇబ్బంది మొదలైతే అందరూ ఇల్లు వదిలి బయటికి రావాలి, డాక్టర్‌కి విషం పేరు చెప్పాలి. ఆ పూట ట్యాంకు సంగతి ఎవరూ ఆలోచించక్కర్లేదు.

మరి పెంచడం ఎందుకు?

ఒక రాత్రి మోటారు ఆగితే చచ్చిపోయే ప్రాణుల్ని గాజుపెట్టెలో ఎందుకు పెట్టుకోవాలి? అమ్మ ఆ రాత్రి మగ్గు పట్టుకుని ఈ మాట అడిగింది. సముద్రపు చేపల్లో చాలా రకాలు ఇంకా సముద్రంలో పట్టి తెచ్చేవే. నా దగ్గర గట్టి జవాబు లేదు. 2005లో అమెరికాలో కత్రినా తుఫాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్‌లోని పెద్ద అక్వేరియం భవనం చాలావరకు నిలబడింది. సిబ్బంది ఖాళీ చేసి వెళ్ళాల్సి వచ్చింది, జనరేటర్ ఆగిపోయింది, వేల చేపలు చచ్చిపోయాయి. జనరేటర్లూ నిపుణులూ ఉన్న చోటే అలా అయితే నా ఇల్లెంత అనిపిస్తుంది. ఆ వార్త గుర్తొచ్చిన ప్రతిసారీ, కొత్త చేప కొనాలన్న కోరిక నాలుగు రోజులు వాయిదా పడుతుంది. చాలాసార్లు ఆ నాలుగు రోజులు పొడిగించుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నా ట్యాంకులో పట్టేదానికి సగం చేపలే ఉన్నాయి. సగం ఉంటే కరెంటు లేని రాత్రి నాకు ఎక్కువ సమయం దొరుకుతుంది. అన్నీ ఇచ్చేయమని ఎవరైనా గట్టిగా అడిగితే వాదించలేను. కానీ ఇప్పటికే తెచ్చుకున్నవి నా చేతుల్లో ఉన్నాయి, వాటికి నేను బాకీ.

అందుకే మూడు నెలలకోసారి, పగటిపూట, ఒక గంట ట్యాంకు మెయిన్ స్విచ్ ఆపేసి పక్కనే కూర్చుంటాను. బ్యాటరీ పంపు తనంతట తాను మొదలవుతోందా, సంప్‌లోకి, అంటే ట్యాంకు కింద ఉండే ఫిల్టరు తొట్టిలోకి, ఎన్ని నీళ్ళు దిగుతున్నాయి, చేపలు ఎంతసేపటికి పైకి వస్తున్నాయి, అన్నీ కాగితం మీద రాసుకుంటాను.

పోయిన ఆదివారం మా తమ్ముడి ఇంట్లో మొదటిసారి ఇలా ఆపి చూశాం. ఆరు నిమిషాలకి సంప్ నిండి నీళ్ళు నేల మీదికి వచ్చేశాయి. ఆ రాత్రి సంప్ సగమే ఉంది కాబట్టి బయటపడలేదు, ఇప్పుడు నిండుగా నడుపుతున్నాడు. పంపు ఆగితే నీళ్ళు వెనక్కి రాకుండా ఆపాల్సిన వాల్వ్ విప్పి చూస్తే లోపల వేలి గోరంత నత్త ఇరుక్కుని ఉంది, మూత పూర్తిగా మూసుకోవడం లేదు. నత్తని తీసి మళ్ళీ ట్యాంకులో వదిలాడు. ఇక ఆ వాల్వ్‌ని నమ్ముకోకుండా, సంప్ నుంచి నీళ్ళు పైకి పంపే పైపు మూతిని ట్యాంకు నీళ్ళ మట్టానికి కాస్త కిందిదాకా పైకి లేపాం, మట్టం దగ్గర గాలి పీల్చేలా చిన్న బెజ్జం కూడా వేశాం. సంప్‌లోంచి ఒక బకెట్ నీళ్ళు తీశాం. రెండోసారి మెయిన్ ఆపితే నీళ్ళు సంప్ అంచుకి నాలుగు వేళ్ళ కింద ఆగాయి. మళ్ళీ ఆన్ చేసి పంపు నడిచేటప్పుడు మట్టం ఎక్కడ నిలిచిందో చూసి, వాడు అక్కడ మార్కర్‌తో గీత గీసి పక్కన ఆ రోజు తేదీ వేశాడు.